ఆ ట్యూబు పక్కన పెడితే తప్ప తామర తగ్గదు

పర్లాకిమిడి నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకి ఇది జవాబు. వాళ్ళాయన పాతపట్నం రూట్లో ఆటో నడుపుతాడు. గజ్జల్లో తామర మొదలై ఎనిమిది నెలలైంది, మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజుల్లో తగ్గుతుంది, ఆపితే వారం తిరక్కుండా ఇంకా పెద్దదై వస్తుంది, ఇప్పుడు నడుం చుట్టూ, పిరుదుల మీదకి పాకింది. నాలుగేళ్ళ పాపకి కూడా అదే అంటుకుందని, వేళ్ళ సందుల్లో, బొడ్డు దగ్గర పొక్కులొచ్చి రాత్రంతా గోక్కుంటోందని రాసింది. తనకి ఐదు నెలల బాబు, పాలిస్తోంది, బుగ్గల మీద మంగు, తల దువ్వితే గుప్పెళ్ళతో జుట్టు. ఇవన్నీ అయ్యాక ఆఖర్న ఒక్క ముక్క: మామగారికి మోచేతి కింద తెల్లగా మచ్చ ఉంది, రెండేళ్ళయింది, నొప్పీ దురదా లేవు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

అమ్మా, నేను బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో చర్మవ్యాధుల పీజీ చేసి అప్పట్నుంచీ ఈ గజపతి, శ్రీకాకుళం సరిహద్దు ఊళ్ళ వాళ్ళనే ఎక్కువగా చూస్తున్నాను. మీరు ఆఖర్న రాసిందానితోనే నేను మొదలుపెడతాను, ఎందుకంటే ఇంట్లో అందరికీ ఉన్న వాటిలో ఆలస్యం చేయకూడనిది అదొక్కటే.

మామగారిని కళ్ళు మూసుకోమనండి. కాస్త దూదిని సన్నగా పురి తిప్పి, ఆ కొసతో ముందు మచ్చ పక్కన మామూలు చర్మం మీద, తర్వాత మచ్చ మీద తాకించి, ఎక్కడ తగిలిందో వేలితో చూపించమనండి. మచ్చ మీద తెలియడం లేదంటే అది కుష్టు కావచ్చు. పాలలా తెల్లగా ఉండి స్పర్శ బాగానే ఉంటే బొల్లి వైపు ఆలోచిస్తాం, వెలిసిపోయినట్టు లేత రంగులో ఉండి, పొడిగా, వెంట్రుకలు రాలి, మొద్దుబారి ఉంటే మాత్రం ఆగకూడదు. దూది పరీక్షలో తెలిసినట్టే అనిపించినా సరే, రెండేళ్ళ మచ్చని ఒకసారి డాక్టరుకి చూపించాల్సిందే. ఆ మాట వినగానే ఇంట్లో గోల పెట్టకండి. పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రిలోనే పరీక్ష చేస్తారు, మందులు పూర్తిగా ఉచితం, మచ్చలు ఐదు వరకు ఉంటే ఆరు నెలలు, అంతకంటే ఎక్కువుంటే ఏడాది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే ఇంకొకరికి అంటించే గుణం పోతుంది, కంచం వేరు, మంచం వేరు అక్కర్లేదు. ఆలస్యమైతే పోయేది మాత్రం నరం, ఒకసారి వేళ్ళు వంకర పోయాక మందులతో తిరిగి రావు. కుష్టేనని తేలితే ఇంట్లో మిగతావాళ్ళని కూడా చూసి, అర్హత ఉన్నవాళ్ళకి ముందుజాగ్రత్తగా ఒకే ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ఇస్తారు. మీరు పాలిస్తున్న సంగతి, బాబు వయసు అప్పుడు వాళ్ళకి చెప్పండి.

ఇప్పుడు మీ ఆయన సంగతి. ఆ ట్యూబు తెచ్చి వెనక చిన్న అక్షరాల్లో రాసింది చదవండి. మూడు నాలుగు మందుల పేర్లు ఉంటాయి. పేరు చివర "జోల్" అని ఉంటే, అంటే క్లోట్రిమజోల్, మైకొనజోల్ లాంటివైతే, అది ఫంగస్ మందు. ఫర్వాలేదు. "సోన్", "సోల్", "లోన్" అని ఉంటే, అంటే బీటామెథాసోన్, మోమెటాసోన్, క్లోబెటాసోల్, ఫ్లుఒసినోలోన్ లాంటివైతే, అది స్టెరాయిడ్. నియోమైసిన్, జెంటామైసిన్ అనేవి బ్యాక్టీరియా మందులు, తామరకి వాటితో పనే లేదు. మీరు ట్యూబు పేరు రాయలేదు కానీ నాలుగు రోజుల్లో తగ్గి వారంలో తిరగబెట్టే తామర అంటే అందులో క్లోబెటాసోల్ ఉందని చూడకుండానే పందెం కాస్తాను.

స్టెరాయిడ్ చేసే పని ఒంటి ప్రతిఘటనని అణచడం. ఎరుపు, దురద, మంట అన్నీ మన ఒళ్ళు ఫంగస్‌తో పోట్లాడుతుంటే వచ్చేవి. ఆ పోట్లాట ఆగిపోతే రెండో రోజుకే హాయిగా ఉంటుంది, మందు పని చేసిందనుకుంటాం. ఇంట్లో దొంగ ఉండగా అరుస్తోందని కుక్కకి మత్తు పెట్టినట్టన్నమాట. ఫంగస్ మాత్రం నిమ్మళంగా పెరుగుతూనే ఉంటుంది, రాయడం ఆపగానే రెట్టింపు మంటతో బయటపడుతుంది. ఇలా ఓ మూడు నాలుగు నెలలు సాగాక తామరకి ఉండే ఆ గుండ్రటి అంచు కూడా చెరిగిపోతుంది, ఒక వలయం లోపల ఇంకో వలయం వస్తుంది, ఎగ్జిమాయో తామరో కొత్త డాక్టరుకి కూడా వెంటనే అర్థం కాదు. దానికి తోడు గజ్జల్లో చర్మం పల్చన, అక్కడ మందు బాగా ఇంకుతుంది. తొడ లోపలి వైపు ఎర్రటి, ఊదారంగు చారలు పడ్డాయేమో చూడమనండి. ఆ చారలు పడ్డాక కొంచెం రంగు తగ్గుతాయేమో కానీ పూర్తిగా పోవు. ఈ ముక్క చెప్తే మగవాళ్ళు ట్యూబు వెంటనే అవతల పారేస్తారు, నేను చూసినంతలో ఇంకే మాటకీ అంత విలువ లేదు.

షాపువాడిని తిట్టి లాభం లేదు. 2018లో కేంద్ర ప్రభుత్వం చాలా రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలోకి తెచ్చింది, అయినా అటు పాతపట్నంలో అడిగినా ఇటు పర్లాకిమిడి మార్కెట్లో అడిగినా "దురదకి ట్యూబివ్వండి" అంటే ఇదే చేతిలో పెడతారు. చవక, పైగా రాయగానే సుఖం, జనం మళ్ళీ వచ్చి అదే అడుగుతారు. ఇంకో విషయం కూడా ఉంది. మన దేశంలో ఇప్పుడు తిరుగుతున్న తామర ఫంగస్ పాత కాలం నాటిది కాదు. ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని 2020లో దానికి విడిగా పేరు పెట్టారు, టెర్బినాఫిన్ మాత్రకి చాలామందిలో ఇది లొంగడం లేదు. అందుకే మీ అమ్మమ్మ కాలంలో వారం రోజులు పూత రాస్తే పోయిన తామర ఇప్పుడు నెలల తరబడి సతాయిస్తోంది.

చికిత్స ఎలా ఉంటుందంటే, ముందు స్టెరాయిడ్ ట్యూబు ఆపేయాలి. ఆపిన మొదటి వారం పదిరోజులు దురద ఘోరంగా పెరుగుతుంది, ఇది ముందే చెప్పకపోతే మనిషి మూడో రోజే మళ్ళీ షాపుకి పరిగెడతాడు. ఆ రోజుల్లో రాత్రి ఒక దురద మాత్ర వేసుకోవచ్చు, కానీ కొన్నిటికి మగత వస్తుంది, ఆటో నడిపే మనిషి కాబట్టి మగత రానిదే రాయమని డాక్టరుని అడగండి. చర్మం మీది పొట్టు గీరి ఒక చుక్క కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ద్రావణం వేసి మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష ఉంది, ఫంగస్ పోగులు కనిపిస్తే ఇక సందేహం ఉండదు. తర్వాత మాత్రలు. ఇంతగా పాకినప్పుడు పూతమందు ఒక్కటే సరిపోదు, ఇట్రాకొనజోల్ క్యాప్సూల్స్ సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు, ఇన్నాళ్ళు స్టెరాయిడ్ రాసిన వాళ్ళకి అంతకన్నా ఎక్కువే పట్టొచ్చు. క్యాప్సూల్‌ని కడుపు నిండా తిన్నాక వేసుకోవాలి, పరగడుపున వేస్తే ఒంటికి పట్టదు. దానితోపాటు గ్యాస్ మాత్ర వేసుకుంటే కూడా పట్టదు, మన దగ్గర ఏ చీటీలో చూసినా ఒక గ్యాస్ మాత్ర తోడుంటుంది కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నాను. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు, కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలు వాడేవాళ్ళు ఇట్రాకొనజోల్ వాడకూడదు. మీ ఆయనకి సాయంత్రం మందు తాగే అలవాటుంటే ఈ కోర్సు అయ్యేదాకా మానాలి, మొదలుపెట్టే ముందు లివర్ పరీక్ష ఒకటి చేయిస్తే మంచిది. షాపులో అడిగి కొనుక్కుని మొదలుపెట్టే మాత్ర కాదిది.

పూతకి స్టెరాయిడ్ లేని ఒంటరి మందు అడగండి. లులికొనజోల్ అయితే రోజుకి ఒకసారి, క్లోట్రిమజోల్ అయితే రెండుసార్లు. మచ్చ మీద మాత్రమే కాదు, అంచు దాటి రెండు వేళ్ళ వెడల్పు బయటి చర్మానికీ రాయాలి, ఎందుకంటే ఫంగస్ ముందుకి పోతున్నది అంచు దగ్గరే. చర్మం పూర్తిగా మామూలుగా అయిపోయిందనిపించాక ఇంకో రెండు వారాలు రాయాలి. జనం ఫెయిలయ్యేది ఇక్కడే.

మొలతాడు. ఇది అడగడానికి డాక్టర్లే మొహమాటపడతారు, కానీ నడుం చుట్టూ పట్టీలా తామర ఉందని మీరు రాయగానే నాకు ముందు తట్టింది అదే. ఆ నల్లతాడు చెమటతో ఎప్పుడూ తడిగా ఉంటుంది, ఫంగస్ దాంట్లో కాపురం పెట్టి ఉంటుంది, మందు రాసిన చోటే మళ్ళీ మళ్ళీ రుద్దుకుంటుంది. తీసేయాలి. మీ అత్తగారు అపశకునం అంటే కోర్సు అయ్యేదాకా తీసి, తర్వాత కొత్తది గానీ వెండిది గానీ కట్టుకోమనండి, వెండిదైతే కడిగి తుడుచుకోవచ్చు. బిగుతు జీన్స్ వేసుకుని పొద్దుట్నుంచి రాత్రిదాకా ఆటో సీటు మీద కూర్చుంటే గజ్జలు ఆరవు, వదులు కాటన్ ప్యాంటు, రోజుకి రెండు లోదుస్తులు. మహేంద్రతనయ నదిలో స్నానం చేసి తడి తువ్వాలు చుట్టుకునే ఇంటికి రావడం ఉంటే మానాలి, ఒళ్ళు పొడిగా తుడుచుకుని పొడి బట్ట కట్టుకోవాలి. ఆయన బట్టలు విడిగా వేడినీళ్ళలో నానబెట్టి, తిరగేసి ఎండలో ఆరేసి, నడుం పట్టీ దగ్గర ఇస్త్రీ చేయండి. తువ్వాలు ఇంట్లో ఎవరిది వాళ్ళకే. డెట్టాల్ నీళ్ళు, వెల్లుల్లి రసం, బ్యాటరీ నీళ్ళు, ఇవన్నీ చర్మాన్ని కాల్చడానికి తప్ప ఎందుకూ పనికిరావు, వెల్లుల్లితో నిజంగానే బొబ్బలెక్కి వచ్చేవాళ్ళున్నారు.

(ఇదే సందర్భంలో ఒక మాట: పలాస వైపు జీడిపిక్కలు ఒలిచే వాళ్ళు అరచేతులు నల్లబడి, పొట్టు రేగితే తామరనుకుని ఇవే ట్యూబులు రాస్తుంటారు. అది పిక్క నూనెకి చర్మం కాలడం. గ్లోవ్స్ లేకుండా పని చేసినంతకాలం ఏ మందుకీ తగ్గదు.)

మీ పాపది తామర కాదనుకుంటున్నాను. వేళ్ళ సందులు, బొడ్డు, రాత్రిపూట దురద అంటే అది గజ్జి. గజ్జి పురుగు చర్మంలో సన్నగా తొలుచుకుని గుడ్లు పెడుతుంది, పక్క వెచ్చబడగానే దురద లేస్తుంది. తండ్రి ట్యూబు పాపకి రాసి ఉంటే వెంటనే ఆపండి, గజ్జి మీద స్టెరాయిడ్ రాస్తే దురద దాక్కుంటుంది, పురుగు పెరుగుతుంది. దీనికి మందు పెర్మెత్రిన్ 5 శాతం క్రీము. మెడ నుంచి అరికాలి దాకా, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, చంకలు, బొడ్డు, మర్మాంగాలు ఏదీ వదలకుండా రాత్రి రాసి, ఎనిమిది నుంచి పన్నెండు గంటలుంచి పొద్దున్నే స్నానం చేయించాలి. వారం తర్వాత మళ్ళీ ఒకసారి. ఇంట్లో దురద ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి, మీ అత్తమామలతో సహా. కొత్తగా అంటుకున్నవాళ్ళకి దురద మొదలవడానికి నాలుగైదు వారాలు పడుతుంది, "నాకేం లేదు" అన్న మనిషి దగ్గర్నుంచే అది తిరిగి పాపకి వస్తుంది. ఐదు నెలల బాబుకి కూడా ఈ క్రీము రాయొచ్చు, చంటిపిల్లలకి తలకీ ముఖానికీ కూడా రాస్తారు, కళ్ళూ నోరూ తప్పించి, చేతులు నోట్లో పెట్టుకోకుండా తొడుగులు వేయాలి, అయితే పాపనీ బాబునీ ఒకసారి డాక్టరుకి చూపించే మొదలుపెట్టండి. మీరు రొమ్ములకి రాసుకున్నది పాలిచ్చేముందు కడిగేసి తర్వాత మళ్ళీ రాసుకోండి. అదే పొద్దున్న దుప్పట్లు, బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయండి, ఉతకలేనివి సంచిలో మూటకట్టి మూడు నాలుగు రోజులు వాడకుండా ఉంచితే చాలు.

పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది, భయపడి రోజూ క్రీము రాయకండి. పొక్కుల్లో చీము పట్టి ఉంటే దానికి యాంటీబయాటిక్ కావాలి. ఆ తర్వాతి వారాల్లో పాప ముఖం ఉబ్బినా, మూత్రం ఎర్రగా టీ రంగులో వచ్చినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి, చీముపొక్కుల తర్వాత కొందరు పిల్లలకి కిడ్నీ వాపు వస్తుంది.

ఇక మీ ముఖం. గర్భంతో ఉన్నప్పుడు బుగ్గల మీద మంగు రావడం మామూలే, హార్మోన్లు ఒక కారణం, ఎండ రెండోది. పెళ్ళికి ముందు నుంచి రాత్రిపూట ఏదో క్రీము రాస్తున్నానన్నారు, ఈ మధ్య ఎండలోకి వెళ్తే మండుతోందన్నారు. దాని పేరు కూడా చదవండి. మంగుకి వాడే ట్రిపుల్ క్రీము ఒకటుంది: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్. డాక్టరు చూస్తుండగా ఓ రెండు నెలలు వాడితే మంచి మందే. తెల్లబడతామని ఏళ్ళ తరబడి రాస్తేనే బుగ్గలు ఎర్రబడి, సన్న నరాలు తేలి, మొటిమలొచ్చి, నూగు వెంట్రుకలు పెరిగి, ఆపితే మంట పుట్టి చివరికి మానలేని అలవాటవుతుంది. మీది ఆ దశలో ఉంటే ఒక్కరోజులో ఆపేయకుండా డాక్టరుని చూసి మెల్లగా దిగండి. పేరూ చిరునామా సరిగ్గా లేని డబ్బా క్రీములైతే మాత్రం ఈ రోజే పారేయండి, వాటిలో కొన్నిట్లో పాదరసం ఉంటుంది. కేరళ మలప్పురంలో అలాంటి తెల్లబరిచే క్రీములు రాసుకున్నవాళ్ళకి కిడ్నీ జబ్బు వచ్చిన కేసులు 2023లో బయటపడ్డాయి. పాలిచ్చే తల్లి ముఖం మీద పాదరసం అసలు ఉండకూడదు.

పాలిస్తున్నంత కాలం మీకు సరిపోయేది అజెలాయిక్ యాసిడ్ క్రీము, మెల్లగా పని చేస్తుంది, రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 పైన ఉన్నది, వీలైతే చర్మం రంగు కలిసినది, ఎందుకంటే మంగు కంటికి కనిపించే వెలుతురుతో కూడా నల్లబడుతుంది, ఆ రంగులో ఉండే ఐరన్ ఆక్సైడ్ దాన్ని కొంత ఆపుతుంది. అంత ఖర్చెందుకంటే గొడుగు, పైట కొంగు కూడా మందే. మంగుకి ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలు చాలామంది రాసేస్తున్నారు, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్నవాళ్ళకి అవి పనికిరావు, కాన్పయి కొన్ని నెలలే అయిన మీకు ఇప్పుడు వద్దు. తామర మీకు కూడా అంటితే ఆయన మాత్రలు మీరు మింగకండి, ఇట్రాకొనజోల్, టెర్బినాఫిన్ రెండూ పాలలోకి వెళ్తాయి, మీకు పూతమందుతోనే చూస్తారు.

జుట్టు గురించి అంత టెన్షన్ వద్దు. కడుపుతో ఉన్నప్పుడు రాలాల్సిన వెంట్రుకలు హార్మోన్ల వల్ల రాలకుండా నిలబడిపోతాయి, కాన్పు అవగానే అవన్నీ ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్ళి మూడు నెలలకి కలిసికట్టుగా ఊడతాయి. మన ఏజెన్సీలో మలేరియా, టైఫాయిడ్ వచ్చి తగ్గిన మూడు నెలలకి జుట్టూడేదీ ఇదే. కుదుళ్ళు చావలేదు కాబట్టి బిడ్డకి ఏడాది వచ్చేసరికి చాలామందికి దానంతటదే కుదురుకుంటుంది. ఏ నూనె కొన్నా ఏ షాంపూ మార్చినా ఇది ముందుగా ఆగదు, మినాక్సిడిల్ పాలిచ్చేటప్పుడు వద్దు. ఏడాది దాటినా తగ్గకపోయినా, పాపిడి వెడల్పవుతున్నా అప్పుడు చూపించండి.

నాకు అనుమానం ఉన్నదల్లా బాలింత పథ్యం మీద. మన వైపు నెలల తరబడి కారప్పొడి అన్నం, వెల్లుల్లి కారం తప్ప పప్పు వాతం, గుడ్డు వేడి, ఆకుకూర చలవ అని ఏదీ పెట్టరు. రోజుకో గుడ్డు, పప్పు, మునగాకు, చేపలు తినేవాళ్ళయితే చేపలు, మొదలుపెట్టండి, బాబుకేమీ కాదు. కాన్పు తర్వాత 180 రోజులు ఐరన్ ఫోలిక్ మాత్ర ప్రభుత్వమే ఇస్తుంది, ఆశా కార్యకర్త ఇచ్చినవి డబ్బాలో పడి ఉంటే తీసి వేసుకోండి, టీకి గంట అటూ ఇటూగా. రక్తంలో హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష), థైరాయిడ్ చూపిస్తే సరిపోతుంది. జుట్టుకని షాపులో బయోటిన్ మాత్రలు ఇచ్చి ఉంటే వాటిని పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపండి, లేకపోతే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా వస్తుంది.